టిని రివ్యూ: సిగ్నల్ చేరవేస్తుంది, క్లీనప్ మాత్రం మనమే చేసుకోవాలి

ముందే చెప్పేస్తాను. డాకర్‌లో (ప్రోగ్రామ్‌లను కంటైనర్లు అనే విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం) కంటైనర్‌ని ఆపడానికి డాకర్ స్టాప్ కొట్టిన ప్రతిసారీ టెర్మినల్ పది సెకన్లు ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయి, ఆ తర్వాత గానీ కంటైనర్ ఆగడం లేదంటే మీకు టిని పనికొస్తుంది, పెట్టేసుకోండి. అలా కాకుండా "టిని పెట్టేశాం, ఇక మా సర్వీసు నీట్‌గా షట్‌డౌన్ అవుతుంది" అనే ధీమాతో పెడుతుంటే మాత్రం కాస్త ఆగి ఇది చదవండి. నేను చూసిన డాకర్‌ఫైళ్లలో (కంటైనర్‌ని ఎలా తయారుచేయాలో చెప్పే ఫైళ్లు) చాలావాటిలో దీన్ని తాయెత్తు కట్టినట్టు కట్టేసి వదిలేశారు. ఎందుకు పెట్టారని అడిగితే "సిగ్నల్స్ కోసం" అంటారు, అంటే ఆగమనో ఇంకోటో ప్రోగ్రామ్‌కి పంపే చిన్న కబుర్ల కోసం. ఆ సిగ్నల్ వచ్చాక మీ ప్రోగ్రామ్ ఏం చేస్తుందని అడిగితే సమాధానం ఉండదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. టిని అనేది థామస్ ఒరోజ్కో సీ భాషలో రాసిన బుల్లి ఇనిట్ ప్రోగ్రామ్, అంటే మిగతా ప్రాసెస్‌లను (నడుస్తున్న ప్రోగ్రామ్‌లను) చూసుకునే మొదటి ప్రోగ్రామ్. కంటైనర్‌లో అన్నిటికంటే ముందు ఇది లేస్తుంది, మీ అసలు ప్రోగ్రామ్‌ని తన పిల్ల ప్రాసెస్‌గా నడుపుతుంది, వచ్చిన సిగ్నళ్లను దానికి అందిస్తుంది, చచ్చిపోయిన ప్రాసెస్‌ల లెక్క తేలుస్తుంది. అంతకుమించి ఏమీ చేయదు. ఎంఐటీ లైసెన్స్, డబ్బులేం కట్టక్కర్లేదు. 2017 జనవరిలో వచ్చిన డాకర్ 1.13 నుంచి డాకర్‌తోపాటే వస్తోంది కాబట్టి, రన్ కమాండ్‌కి --ఇనిట్ తగిలిస్తే చాలు, ఇమేజ్‌లో (కంటైనర్‌కి మూస లాంటిది) విడిగా పెట్టాల్సిన పని కూడా లేదు. డాకర్ కంపోజ్‌లో (కంటైనర్లను ఒక ఫైలులో రాసుకుని నడిపే పద్ధతి) అయితే ఇనిట్ ట్రూ అని ఒక్క లైను. ఇమేజ్‌లోనే ఉండాలనుకుంటే ఆల్పైన్‌లో ఏపీకేతో, డెబియన్‌లో ఆప్ట్‌తో వచ్చేస్తుంది. జెంకిన్స్, ఎలాస్టిక్‌సెర్చ్ లాంటి పెద్ద ఇమేజ్‌లు కూడా దీన్నే వాడతాయి.

అసలు ఇలాంటి దాని అవసరం ఎందుకొచ్చిందంటే, లినక్స్‌లో పీఐడీ 1కి, అంటే మొట్టమొదట మొదలైన ప్రాసెస్‌కి, కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) ప్రత్యేక మర్యాద ఇస్తుంది. మామూలు ప్రాసెస్‌కి సిగ్‌టర్మ్ (ఆగమని చెప్పే సిగ్నల్) వచ్చి, దానికి హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే నడిచే ఫంక్షన్) ఏదీ లేకపోతే ప్రాసెస్ చచ్చిపోతుంది. అదే ప్రాసెస్ పీఐడీ 1 అయితే, హ్యాండ్లర్ లేని సిగ్నల్‌ని కెర్నల్ పక్కన పారేస్తుంది. మెషిన్ మొత్తానికి ఆధారమైన ఇనిట్‌ని ఎవరూ పొరపాటున చంపకూడదని పెట్టిన నియమం ఇది. కంటైనర్ వచ్చాక ప్రతి పీఐడీ నేమ్‌స్పేస్‌కీ (కంటైనర్‌కి సొంతమైన ప్రాసెస్ నంబర్ల లోకం) ఒక పీఐడీ 1 వచ్చింది, ఆ కుర్చీలో మన పైథన్ స్క్రిప్టో నోడ్ సర్వరో కూర్చుంది. వాటికి ఇనిట్ పని తెలియదు, కానీ ఇనిట్‌కి ఉండే రక్షణ మాత్రం వచ్చేసింది. డాకర్ స్టాప్ ముందు సిగ్‌టర్మ్ పంపుతుంది, అది గాల్లో కలిసిపోతుంది, పది సెకన్లు చూసి సిగ్‌కిల్ (ఎవరూ ఆపలేని చంపే సిగ్నల్) కొడుతుంది. ఎగ్జిట్ కోడ్ (ప్రాసెస్ ఎలా ముగిసిందో చెప్పే అంకె) 137, అంటే 128కి సిగ్‌కిల్ నంబర్ 9 కలిపితే వచ్చేది.

నమ్మకం కుదరకపోతే మీరే చూడొచ్చు. హ్యాండ్లర్లేమీ పెట్టని ఒక పైథన్ స్క్రిప్ట్‌ని నేరుగా పీఐడీ 1గా నడిపి, లోపలికెళ్లి ప్రాక్ ఫోల్డర్‌లో 1 కింద ఉండే స్టేటస్ ఫైల్ తెరవండి. సిగ్‌సీజీటీ అనే లైను ఉంటుంది, ఈ ప్రాసెస్ ఏయే సిగ్నళ్లకి హ్యాండ్లర్లు పెట్టుకుందో చెప్పే హెక్స్ సంఖ్య అది. దాని చివర 2 కనిపిస్తుంది. అంటే సిగ్‌ఇంట్ (కంట్రోల్ సీ కొడితే వచ్చే సిగ్నల్) ఒక్కదానికే హ్యాండ్లర్ ఉంది, అదీ పైథన్ తనంతట తాను పెట్టుకున్నదే. స్క్రిప్ట్‌లో సిగ్‌టర్మ్‌కి కూడా హ్యాండ్లర్ పెట్టి మళ్లీ చూడండి, చివర 4002 అవుతుంది. ఎవరి సర్వీసైనా "గ్రేస్‌ఫుల్‌గా ఆగుతుంది" అంటే నేను ముందు చూసేది ఈ లైనే. అందులో ఆ 4 లేకపోతే ఇక మాట్లాడుకోవడం దండగ.

డెవలపర్ లాప్‌టాప్‌లో అంతా బాగున్నట్టు కనిపించడానికి కారణం కూడా ఇదే. కంట్రోల్ సీ కొడితే వెళ్లేది సిగ్‌ఇంట్, పైథన్ దాన్ని కీబోర్డ్ ఇంటరప్ట్ ఎక్సెప్షన్‌గా మారుస్తుంది, ఫైనల్లీ బ్లాకులు (ఎలా ముగిసినా నడవాల్సిన కోడ్) నడుస్తాయి, ముగిసేముందు నడవాలని ఎట్ఎగ్జిట్‌లో రాసుకున్నవీ నడుస్తాయి, టెంప్ ఫైళ్లు తుడిచిపెట్టుకుపోతాయి, అందరూ హ్యాపీ. ప్రొడక్షన్‌లో వచ్చేది సిగ్‌టర్మ్. దానికి పైథన్ ఏ ఏర్పాటూ చేయదు. ఫైనల్లీ నడవదు, ఎట్ఎగ్జిట్ నడవదు.

ఇప్పుడు టిని లోపల ఏం చేస్తుందో చూద్దాం, ఎందుకంటే నాకు బాగా నచ్చింది అదే. సిగ్నళ్లే పనిగా పెట్టుకున్న ఈ ప్రోగ్రామ్‌లో సిగ్నల్ హ్యాండ్లర్ ఒక్కటి కూడా లేదు! మొదలవగానే దాదాపు అన్ని సిగ్నళ్లనూ బ్లాక్ చేసుకుంటుంది. సెగ్‌ఫాల్ట్, అబార్ట్ లాంటి సొంత తప్పులకి వచ్చేవాటిని మాత్రం వదిలేస్తుంది. తర్వాత ఫోర్క్ చేస్తుంది, అంటే తన నకలుగా ఒక పిల్ల ప్రాసెస్‌ని పుట్టిస్తుంది. పిల్ల ప్రాసెస్ తనకంటూ ఒక ప్రాసెస్ గ్రూప్ పెట్టుకుని, బ్లాక్ చేసిన సిగ్నళ్లను మళ్లీ ఎప్పటిలా తెరిచి, ఎగ్జెక్ చేసి మీ ప్రోగ్రామ్‌గా మారిపోతుంది. ఇటు టిని సిగ్‌టైమ్డ్‌వెయిట్ అనే సిస్టమ్ కాల్ దగ్గర కూర్చుని, ఏదైనా సిగ్నల్ వచ్చిందా అని చూస్తుంది. సిగ్‌చైల్డ్ (పిల్ల ప్రాసెస్ చచ్చిందనే కబురు) అయితే వెయిట్‌పిడ్ పిలిచి చచ్చినవాళ్లందరినీ ఏరేస్తుంది, వేరే ఏదైనా అయితే పిల్లకి కిల్‌తో పంపేస్తుంది. ఇంతే లూపు.

సిస్టమ్స్ ప్రోగ్రామ్ రాసేవాళ్లు ఎవరైనా ఇందులోంచి ఎత్తుకోవాల్సింది ఈ పద్ధతినే అని నా అభిప్రాయం. మామూలుగా సీలో కొత్తగా రాసేవాళ్లు సిగ్నల్ హ్యాండ్లర్ పెట్టి, దానిలోనే ప్రింట్‌ఎఫ్ కొట్టి, మెమరీ ఫ్రీ చేసి, ఫైలు మూసి, ఎగ్జిట్ పిలిచేస్తారు. చూడ్డానికి చక్కగా ఉంటుంది. కానీ సిగ్నల్ ఎప్పుడు వస్తుందో చెప్పలేం కదా, మెయిన్ కోడ్ మాల్లాక్ (మెమరీ అడిగే ఫంక్షన్) మధ్యలో, దాని తాళం పట్టుకుని ఉన్నప్పుడు వస్తే? హ్యాండ్లర్ కూడా మాల్లాక్‌నో ఫ్రీనో పిలిస్తే అదే తాళం కోసం ఎదురుచూస్తూ అక్కడే ఇరుక్కుంటుంది. ఆపమని చెప్పిన ప్రోగ్రామ్ ఆగకుండా వేలాడుతుంది, అదీ ఎప్పుడో ఒకసారి, లోడ్ ఎక్కువున్నప్పుడు మాత్రమే, ఇక డీబగ్ చేసేవాడి టెన్షన్ చెప్పక్కర్లేదు. హ్యాండ్లర్‌లో పిలవదగ్గ ఫంక్షన్ల జాబితా పోసిక్స్‌లో (యూనిక్స్ సిస్టమ్‌ల ప్రమాణం) ఉంది, అందులో రైట్ ఉంది, ప్రింట్‌ఎఫ్ లేదు, మాల్లాక్ లేదు, ఎగ్జిట్ లేదు, అండర్‌స్కోర్ ఉన్న _ఎగ్జిట్ ఉంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు హ్యాండ్లర్‌లో ఒక ఫ్లాగ్ మాత్రం మారుస్తారు, లేదా పైప్‌లో ఒక బైట్ రాసి మెయిన్ లూపులో దాన్ని చదువుకుంటారు. లినక్స్‌లోనే నడిచే ప్రోగ్రామ్ అయితే 2007లో వచ్చిన 2.6.22 కెర్నల్ నుంచి సిగ్నల్‌ఎఫ్‌డీ ఉంది, సిగ్నల్‌ని మామూలు ఫైల్ డిస్క్రిప్టర్‌లా ఈపోల్‌లో (చాలా డిస్క్రిప్టర్ల కోసం ఒకేచోట ఎదురుచూసే ఏర్పాటు) పెట్టుకోవచ్చు.

టినిలాగా బ్లాక్ చేసి తీరిగ్గా తీసుకుంటే ఈ గొడవే ఉండదు. ఒక్కటి మాత్రం మరిచిపోకూడదు. బ్లాక్ చేసిన సిగ్నళ్ల జాబితా (మాస్క్) ఫోర్క్ దాటి, ఎగ్జెక్ దాటి కూడా పిల్ల ప్రాసెస్‌కి అంటుకునే వెళుతుంది. టిని ఎగ్జెక్‌కి ముందు దాన్ని తీసేస్తుంది. సొంతంగా సూపర్‌వైజర్ రాసుకునేవాళ్లు ఇది వదిలేస్తే, కింద నడిచే ప్రోగ్రామ్‌కి సిగ్‌టర్మ్ ఎంత పంపినా చలనం ఉండదు, అందులో హ్యాండ్లర్ ఉన్నా సరే.

జాంబీల (చచ్చినా ప్రాసెస్ టేబుల్‌లో మిగిలిపోయే ప్రాసెస్‌లు) సంగతి త్వరగా ముగిస్తాను, దాని గురించి అందరూ రాశారు. తల్లి ప్రాసెస్ ముందే చచ్చిపోతే అనాథ పిల్లలన్నీ పీఐడీ 1 కిందికి వస్తాయి. అవి చచ్చాక వెయిట్ పిలిచేవాళ్లు లేకపోతే ప్రాసెస్ టేబుల్‌లో అలాగే పడి ఉంటాయి. హెడ్‌లెస్ క్రోమ్‌తో (తెర లేకుండా నడిచే బ్రౌజర్) పీడీఎఫ్‌లు తయారుచేసే సర్వీసు నడిపినవాళ్లకి పీఎస్ లిస్టులో వరసగా డిఫంక్ట్ అని కనిపించే ఆ దృశ్యం బాగా పరిచయం. పీఐడీ లిమిట్ తగిలి కొత్త ఫోర్క్‌లు ఫెయిలయ్యేదాకా ఎవరూ పట్టించుకోరు కూడా. టిని పెడితే ఈ సమస్య పూర్తిగా పోతుంది, ఈ విషయంలో వంక పెట్టడానికేమీ లేదు.

ఇక అసలు విషయానికొస్తాను. టిని పెట్టగానే డాకర్ స్టాప్ పది సెకన్ల నుంచి అరసెకనుకి వస్తుంది, ఎగ్జిట్ కోడ్ 137 నుంచి 143కి మారుతుంది, టికెట్ క్లోజ్. కానీ జరిగిందేమిటి? మీ ప్రోగ్రామ్ ఇప్పుడు పీఐడీ 1 కాదు, కాబట్టి కెర్నల్ ఇచ్చే ఆ రక్షణ పోయింది. సిగ్‌టర్మ్‌కి హ్యాండ్లర్ లేదు కాబట్టి వచ్చీ రాగానే చచ్చిపోయింది. అంతే. ఇదివరకు సిగ్‌కిల్‌తో చచ్చేది, ఇప్పుడు సిగ్‌టర్మ్‌తో చస్తోంది, క్లీనప్ అప్పుడూ లేదు ఇప్పుడూ లేదు. నిజానికి ఒక లెక్కన పరిస్థితి దిగజారింది కూడా, ఎందుకంటే ఇదివరకు సిగ్‌టర్మ్ వచ్చాక ఆ పది సెకన్లూ ప్రోగ్రామ్ నడుస్తూనే ఉండేది, చేతిలో ఉన్న రిక్వెస్టులు చాలావరకు ఆ లోపు పూర్తయిపోయేవి. టిని వచ్చాక అవి మధ్యలో తెగిపోతున్నాయి. అందుకే టిని పెట్టిన వారంలోనే 502 ఎర్రర్లు (వెనక సర్వర్ సరిగా జవాబివ్వలేదని అర్థం) పెరిగాయని ఎవరైనా అంటే నాకు ఆశ్చర్యం వేయదు. టిని తప్పేం లేదు ఇందులో, అది చెప్పిన పని చేసింది.

భాష ఏదైనా ఇదే కథ. రస్ట్‌లో డ్రాప్ (వస్తువు వాడకం అయిపోగానే నడిచే క్లీనప్ కోడ్) ఉంది కదా, అన్నీ అదే చూసుకుంటుందనుకుంటారు, సిగ్‌టర్మ్‌తో పోయినప్పుడు డ్రాప్‌లు నడవవు, ప్రాసెస్ ఎగ్జిట్ పిలిచినా నడవవు. గో భాషలో డిఫర్‌లూ (ఫంక్షన్ ముగిసేటప్పుడు నడిచేవి) అంతే, ఓఎస్ ఎగ్జిట్‌కి గానీ లాగ్ ఫేటల్‌కి గానీ అవి నడవవు. గో 1.16 నుంచి నోటిఫై కాంటెక్స్ట్ అని సిగ్నల్ ప్యాకేజీలో ఒక ఫంక్షన్ ఇచ్చారు, సిగ్నల్ వస్తే కాంటెక్స్ట్ క్యాన్సిల్ అవుతుంది, మెయిన్ ఫంక్షన్ మామూలుగా రిటర్న్ అవుతుంది, డిఫర్‌లు నడుస్తాయి. పద్ధతి అన్ని చోట్లా ఒకటే, సిగ్నల్ రాగానే చావకుండా "ఆగమన్నారు" అని గుర్తు పెట్టుకుని, మెయిన్ దారిలోనే బయటికి రావడం.

క్లీనప్ అంటే ఏం చేయాలో కూడా చాలామందికి స్పష్టత లేదు. ఓపెన్ చేసిన ఫైళ్లు, సాకెట్లు, మెమరీ, ఫ్లాక్‌తో వేసిన తాళాలు, ఇవన్నీ ప్రాసెస్ చచ్చిపోతే కెర్నలే తీసేస్తుంది. వాటి కోసం పేజీలకు పేజీలు షట్‌డౌన్ కోడ్ రాయడం అనవసరం. కెర్నల్ ముట్టుకోనివి వేరే ఉన్నాయి. యూనిక్స్ సాకెట్ బైండ్ చేసినప్పుడు డిస్క్ మీద తయారయ్యే ఫైల్ అలాగే ఉండిపోతుంది, మళ్లీ స్టార్ట్ చేస్తే "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అంటుంది. పీఐడీ ఫైలు ఉండిపోతుంది. బఫర్‌లో ఉండి ఇంకా డిస్క్ మీదికి వెళ్లని లాగ్ లైన్లు పోతాయి. సగం రాసిన అవుట్‌పుట్ ఫైలు సగంతోనే ఉంటుంది. వీటిలో కూడా సగానికి సగం సిగ్నల్‌తో పని లేకుండా తీర్చుకోవచ్చు. వేరే పేరుతో రాసి పూర్తయ్యాక రీనేమ్ చేస్తే సగం ఫైలు ఎవరికీ కనిపించదు, పీఐడీ ఫైలు బదులు ఫ్లాక్ వాడితే పాత తాళం మిగలదు. ఎలాగూ సిగ్‌కిల్‌ని ఎవరూ పట్టుకోలేరు, మెమరీ అయిపోయినప్పుడు కెర్నల్ కొట్టేది కూడా అదే, కాబట్టి అది వచ్చినా తట్టుకునేలా ముందు రాసుకుని, ఆ పైన సిగ్‌టర్మ్ గురించి ఆలోచించడం మేలు.

ఇప్పుడు నా ఫిర్యాదు. మెయిన్ పిల్ల ప్రాసెస్ చచ్చిపోయిన మరుక్షణం టిని కూడా వెళ్లిపోతుంది. పీఐడీ 1 వెళ్లిపోతే ఆ నేమ్‌స్పేస్‌లో మిగిలిన ప్రతి ప్రాసెస్‌కీ కెర్నల్ సిగ్‌కిల్ కొడుతుంది. దీని పర్యవసానం ఏమిటో చాలామందికి తెలియదు. నేను చూసుకునే ఒక సర్వీసులో ఎంట్రీపాయింట్ (టిని నడిపే ప్రోగ్రామ్) ఒక బ్యాష్ స్క్రిప్ట్. నాలుగు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ సెట్ చేసి, చివరి లైనులో పైథన్ యాప్‌ని పిలుస్తుంది. యాప్‌లో సిగ్‌టర్మ్ హ్యాండ్లర్ ఉంది, క్యూలో మిగిలినవి డిస్క్‌కి రాసే కోడ్ ఉంది, టెస్టులు కూడా ఉన్నాయి. టినిని -జీ ఫ్లాగ్‌తో పెట్టారు, అంటే సిగ్నల్ ఒక్క పిల్లకే కాదు, గ్రూప్ మొత్తానికీ వెళుతుంది. కాగితం మీద అంతా కరెక్టే. స్టాప్ కొట్టగానే సిగ్‌టర్మ్ బ్యాష్‌కీ యాప్‌కీ ఒకేసారి వెళ్లింది. బ్యాష్‌లో ట్రాప్ (షెల్‌లో హ్యాండ్లర్ లాంటిది) లేదు కాబట్టి అది వెంటనే చచ్చింది. బ్యాష్ చచ్చింది కాబట్టి టిని వెళ్లిపోయింది. టిని వెళ్లిపోయింది కాబట్టి, హ్యాండ్లర్‌లోకి అప్పుడే అడుగుపెట్టిన యాప్‌కి సిగ్‌కిల్ పడింది. డాకర్ ఇస్తానన్న పది సెకన్లలో యాప్‌కి దక్కింది మిల్లీసెకన్లు.

ఇంకా దారుణం ఏంటంటే ఎగ్జిట్ కోడ్ 143. ఎందుకంటే టిని చూసేది తన సొంత పిల్ల ఎలా చచ్చిందో మాత్రమే, బ్యాష్ సిగ్‌టర్మ్‌తో చచ్చింది, 128కి 15 కలిపితే 143. డ్యాష్‌బోర్డ్‌లో అన్నీ పచ్చగానే ఉంటాయి. యాప్ లాగ్‌లో "షట్‌డౌన్ మొదలైంది" అనే లైను ఉండి, "షట్‌డౌన్ పూర్తయింది" అనే లైను లేకపోవడం ఒక్కటే ఆధారం, అది కూడా లాగ్ బఫర్‌లో ఇరుక్కోకుండా బయటపడితే.

దీనికి మందు ఒక్క మాట. స్క్రిప్ట్ చివరి లైనులో పైథన్‌కి ముందు ఎగ్జెక్ అని రాస్తే బ్యాష్ స్థానంలోకి యాపే వస్తుంది, టినికి నేరుగా పిల్ల అవుతుంది, అది తనంతట తాను ముగించేదాకా టిని ఎదురుచూస్తుంది. -జీ కూడా అప్పుడు చాలా సందర్భాల్లో అవసరం ఉండదు. స్క్రిప్ట్ రెండు మూడు ప్రోగ్రామ్‌లను బ్యాక్‌గ్రౌండ్‌లో నడిపే రకం అయితే ఎగ్జెక్‌తో పని జరగదు, ట్రాప్ పెట్టి వెయిట్ చేయాలి. అక్కడ ఇంకో మెలిక ఉంది, ట్రాప్ ఉన్న సిగ్నల్ రాగానే వెయిట్ మధ్యలోనే తిరిగొచ్చేస్తుంది, పిల్లలు ఇంకా బతికే ఉంటాయి. కాబట్టి రెండోసారి వెయిట్ రాయాలి, లేకపోతే స్క్రిప్ట్ ముగిసిపోయి మళ్లీ పాత కథే. డాకర్ స్టాప్ పంపే సిగ్నల్‌ని సిగ్‌ఇంట్‌కి మార్చుకుని ఉంటే మరో ఆశ్చర్యం: స్క్రిప్టులో ఆంపర్‌సాండ్‌తో బ్యాక్‌గ్రౌండ్‌కి పంపిన ప్రాసెస్‌లు సిగ్‌ఇంట్‌నీ సిగ్‌క్విట్‌నీ పట్టించుకోని స్థితిలోనే పుడతాయి. షెల్ నియమమే అలా ఉంది.

ఇవన్నీ టిని తప్పులని అననుగానీ, మెయిన్ పిల్ల పోయాక మిగతావాళ్ల కోసం కాసేపు ఆగే ఫ్లాగ్ ఒకటి ఉంటే బాగుండేది. యెల్ప్ కంపెనీ వాళ్ల ఇలాంటి ఇనిటే అయిన డంబ్-ఇనిట్ దీనికంటే నయమా అని చూస్తే, అది వెళ్లిపోయే ముందు మిగిలినవాళ్లకి సిగ్‌టర్మ్ పంపుతుంది, కానీ పంపిన వెంటనే తానూ వెళ్లిపోతుంది కాబట్టి ఫలితంలో పెద్ద తేడా లేదు. డంబ్-ఇనిట్‌లో నచ్చేది వేరే, ఒక సిగ్నల్ వస్తే ఇంకో సిగ్నల్‌గా మార్చి పంపగలదు. ఎంజిన్ఎక్స్ వెబ్ సర్వర్‌కి ఇది పనికొస్తుంది, దానికి సిగ్‌టర్మ్ అంటే ఉన్నపళంగా ఆగిపోవడం, సిగ్‌క్విట్ అంటే చేతిలో ఉన్న రిక్వెస్టులు పూర్తిచేసి ఆగడం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి కూడా సిగ్‌టర్మ్ ఇస్తే క్లయింట్లందరూ వాళ్లంతట వాళ్లు వెళ్లేదాకా కూర్చుంటుంది, సిగ్‌ఇంట్ ఇస్తే కనెక్షన్లు తెంపి శుభ్రంగా ఆగుతుంది. అయితే డాకర్‌ఫైల్‌లో ఏ సిగ్నల్ పంపాలో చెప్పే స్టాప్‌సిగ్నల్ అనే లైను ఉండగా దీనికోసమే డంబ్-ఇనిట్‌కి మారాల్సిన పని లేదు. అలెక్సా సరాయ్ రాసిన కటటోనిట్ అని ఇంకొకటుంది, డాకర్ లాంటిదే అయిన పాడ్‌మ్యాన్‌లో --ఇనిట్ అంటే అదే వస్తుంది, అది సిగ్నల్‌ఎఫ్‌డీ వాడుతుంది. టిని అయితే ఏ సిగ్నలూ రాకపోయినా సెకనుకోసారి లేచి చూస్తుంది. ఒక కంటైనర్‌కి అది లెక్కలోకి రాదు. ఒకే మెషిన్ మీద వందల్లో నడిపేవాళ్లు ఎవరైనా సణిగితే నేను కాదనను.

మిగతా ఫ్లాగుల్లో జావా వాళ్లకి -ఈ తెలిసి ఉండాలి. జేవీఎం (జావా ప్రోగ్రామ్‌లను నడిపేది) షట్‌డౌన్ హుక్‌లన్నీ చక్కగా నడిపి కూడా చివర్లో 143తోనే బయటికొస్తుంది, దాన్ని ఫెయిల్యూర్‌గా లెక్కేసే టూల్స్‌తో గొడవ. టినికి -ఈ 143 అని చెబితే దాన్ని సున్నాగా మార్చేస్తుంది. కాకపోతే పైన చెప్పిన బ్యాష్ కథ మీకూ ఉంటే, ఈ ఫ్లాగ్ ఆ కాస్త ఆధారాన్ని కూడా తుడిచేస్తుంది. కుబర్నెటిస్‌లో (చాలా మెషిన్ల మీద కంటైనర్లను నడిపే సాధనం) షేర్ ప్రాసెస్ నేమ్‌స్పేస్ ఆన్ చేస్తే పీఐడీ 1 కుబర్నెటిస్ తానే పెట్టే పాజ్ కంటైనర్‌ది అవుతుంది, టిని తాను పీఐడీ 1 కాదని, అనాథలు తన దగ్గరికి రావని వార్నింగ్ ఇస్తుంది. -ఎస్ పెడితే సబ్‌రీపర్‌గా (పీఐడీ 1 కాకపోయినా అనాథలను తీసుకునే ప్రాసెస్) నమోదు చేసుకుంటుంది, వార్నింగ్ పోతుంది. ఈ వార్నింగ్‌ని ప్రత్యేకంగా మెచ్చుకోవాలి, తప్పేమిటో, ఎందుకో, ఏ ఫ్లాగ్ పెడితే పోతుందో అన్నీ అందులోనే ఉంటాయి. ఇలాంటి ఎర్రర్ మెసేజ్‌లు రాసేవాళ్లు తక్కువ.

2020 ఏప్రిల్‌లో వచ్చిన 0.19.0 తర్వాత కొత్త వెర్షన్ లేదని కొందరు వెనకాడతారు. నాకైతే అది ఇబ్బందిగా లేదు. చేయాల్సిన పని చిన్నది, ఆ పని పూర్తయింది, కోడ్ ఒక సాయంత్రం కూర్చుంటే మొత్తం చదివేయొచ్చు. దీనికి నెలకో వెర్షన్ వస్తే భయపడాలి గానీ రాకపోతే ఎందుకు?

ఐదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒక్కటీ ఆ ఆగే ఫ్లాగ్ లేనందుకే. పిల్ల ప్రాసెస్‌లు పుట్టించని ఒంటరి బైనరీ, సిగ్‌టర్మ్‌ని తానే పట్టుకునేది అయితే మీకు ఇది అక్కర్లేదు, పెట్టినా నష్టం లేదు. షెల్ స్క్రిప్టులు, సబ్‌ప్రాసెస్‌లు, క్రోమ్ లాంటివి ఉంటే పెట్టండి. పెట్టాక డాకర్ స్టాప్ ఎంత త్వరగా అయిందో చూసి వదిలేయకండి. లోడ్ నడుస్తుండగా స్టాప్ కొట్టి, యాప్ లాగ్‌లో చివరి లైను చూడండి. కుబర్నెటిస్‌లో ఎవరూ మార్చకపోతే 30 సెకన్ల గడువు ఉంటుంది, మీ క్లీనప్‌కి నిజంగా ఎంత పడుతుందో కొలిచి, అది సరిపోకపోతే ఆ అంకె పెంచుకోండి.